రేటు తగ్గిందంటారు, లెక్క మాత్రం చూపరు

ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీల్లో పని వాతావరణం మీద వచ్చిన ఉత్తరాల్లోంచి ఆరు ఎంచుకున్నాం. రాసినవారి పేర్లు, కంపెనీల పేర్లు తీసేశాం. సిబ్బంది వ్యవహారాలు, కార్మిక చట్టాలు తెలిసినవారు జవాబులిచ్చారు.

ప్రశ్న: శంషాబాద్ దగ్గర ఒక గోడౌన్‌లో కాంట్రాక్టర్ కింద పికర్‌గా, అంటే అరల్లోంచి సరుకు తీసే పని, చేస్తున్నాను. గంటకు ఇన్ని పీసులని టార్గెట్. ‘ఐడిల్ టైమ్ ఎక్కువ’ అంటూ సూపర్‌వైజర్ అందరి ముందూ అరుస్తాడు. బాత్‌రూమ్‌కి వెళ్లినా ఐడిలే. పెద్ద సార్లు కిందికి రారు. ఎవరికి చెప్పుకోవాలి?

జవాబు: ముందు ఆ లెక్క ఎక్కడ పుడుతుందో చూడండి. మీరు ఏం చేస్తున్నారో స్కానర్‌కి తెలియదు. ఒక స్కాన్‌కీ తర్వాతి స్కాన్‌కీ మధ్య ఎంతసేపు గడిచిందో ఒక్కటే దానికి తెలుసు. పెట్టిన హద్దు దాటితే ఆ సమయమంతా ఐడిల్ కింద పడిపోతుంది. బిన్‌లో (సరుకు పెట్టే అరలో) సరుకు లేకపోయినా, బార్‌కోడ్ చిరిగినా, వైఫై అందని మూలలో నిలబడ్డా, బ్యాటరీ అయిపోయినా, ట్రాలీ దొరక్కపోయినా అది మీ ఖాతాలోకే వస్తుంది. బియ్యం సంచులు, డిటర్జెంట్ పెట్టెలు ఉన్న వరుసకీ, ఫోన్ కవర్లు, లిప్‌స్టిక్‌లు ఉన్న వరుసకీ ఒకటే టార్గెట్ పెట్టిన చోట ఎవరి రేటు (గంటకు తీసే పీసుల లెక్క) పడిపోతుందో వేరే చెప్పాలా?

అందుకని, సరుకు లేని బిన్ దగ్గర ఊరికే ముందుకు వెళ్లిపోకండి. సరుకు లేదనీ, పాడైందనీ స్కానర్‌లో నమోదు చేసే వీలుంటే తప్పకుండా నొక్కండి. ఆగడానికి కారణం సిస్టమ్‌లో నిలిచేది అప్పుడే. క్షణాలు కలిసొస్తాయని చాలామంది నొక్కరు, తర్వాత ఇరుక్కునేదీ అక్కడే. జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, షిఫ్టు, వరుస నంబరు, ఎన్ని నిమిషాలు ఆగారు, ఎందుకు ఆగారు, ఈ ఐదే రాయండి. పది పని దినాలు చాలు. పక్కన చేసే మరో ఇద్దరిని కూడా రాయమనండి. ముగ్గురి పుస్తకాల్లోనూ అదే వరుస కనిపిస్తే సూపర్‌వైజర్ అరుపుకి అర్థం ఉండదు.

బాత్‌రూమ్ సంగతి చిన్నది కాదు. హర్యానాలోని మానేసర్ దగ్గర అమెజాన్ గోడౌన్‌లో, 24 అడుగుల ట్రక్కులు ఆరు ఖాళీ చేసేదాకా బాత్‌రూమ్‌కి వెళ్లం, నీళ్లు తాగం అని పనివాళ్ల చేత ప్రతిజ్ఞ చేయించారని వార్త వచ్చింది. 2024 జూన్‌లో జాతీయ మానవ హక్కుల కమిషన్ దాన్ని తనంతట తానే తీసుకుని కేంద్ర కార్మిక శాఖకు నోటీసిచ్చింది. అదొక్కచోట జరిగిన పొరపాటని కంపెనీ అంది. అదే కంపెనీ 2021 జులైలో తన నాయకత్వ సూత్రాల్లో ‘భూమ్మీద అత్యుత్తమ యజమాని కావాలి’ అన్నదాన్ని చేర్చింది. కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్న సీటెల్‌లో రాసుకున్న సూత్రం మానేసర్‌లో ట్రక్కు తలుపు దాకా వచ్చేసరికి ఏమైందో చూశారుగా. మీ దగ్గర పెద్ద సార్లు కిందికి రాకపోవడం కూడా ఇదే జబ్బు.

ఇక ఎవరికి చెప్పాలంటే: 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 20 మంది లేదా అంతకు మించి కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యజమాని వైపు ఎంతమందో కార్మికుల వైపు కూడా అంతమందే ఉండాలి. ఏడాది లోపు ఫిర్యాదు ఇవ్వాలి, కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోయినా, తేల్చింది మీకు నచ్చకపోయినా ఆ తర్వాత 60 రోజుల్లోగా మీ యూనియన్ ద్వారా కన్సిలియేషన్ (రాజీ కుదిర్చే) అధికారి దగ్గరికి వెళ్లొచ్చు. ‘సూపర్‌వైజర్ మంచోడు కాదు’ అని రాయకండి. ‘ఫలానా తేదీల్లో ఫలానా వరుసలో ఇన్ని నిమిషాలు సరుకు లేక ఆగాం, దాన్ని ఐడిల్‌గా లెక్కించారు, సవరించండి’ అని రాసి, కాపీ మీద తీసుకున్న సంతకం, తేదీ అడగండి.

పనిలో పనిగా ఫోన్లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి ప్రతి నెలా డబ్బు పడుతోందో లేదో చూడండి. జీతం నెలకు 21,000 లోపైతే ఈఎస్‌ఐ కార్డు కూడా ఉండాలి. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే ఇవ్వాల్సిన బాధ్యత గోడౌన్ నడిపే అసలు కంపెనీ మీద పడుతుంది. ‘మాకు సంబంధం లేదు, కాంట్రాక్టర్‌ని అడుగు’ అంటే ఒప్పుకోకండి.

ప్రశ్న: మాదాపూర్‌లో సెల్లర్ సపోర్ట్ (సైట్‌లో సరుకు అమ్మే వ్యాపారులకు సాయపడే) టీంలో నాలుగేళ్లుగా ఉన్నాను. ఎప్పుడూ మంచి రేటింగే. కొత్త మేనేజర్ వచ్చిన మూడో నెలలోనే పీఐపీలో (పనితీరు మెరుగుపరచుకోమని గడువిచ్చే ప్లాన్‌లో) పెట్టారు. ‘ఓనర్‌షిప్ లేదు’, అంటే పనిని సొంతంగా భావించడం లేదన్నది కారణం. సంతకం పెట్టాలా? రిజైన్ చేసేయాలా?

జవాబు: మీ పని ఉన్నట్టుండి పాడైందని మాత్రం అనుకోకండి. ఇంతమందికి మంచిది, ఇంతమందికి తక్కువ అని రేటింగులు ముందే అచ్చుపోసిన వంపులో పంచే కంపెనీల్లో టీం అంతా బాగా చేసినా ఎవరో కొందరు కింది గడిలో పడాల్సిందే. కొత్త మేనేజర్‌కి పాతవాళ్ల పని తెలియదు, గడి మాత్రం నింపాలి.

కాగితం ఇచ్చిన మీటింగ్‌లోనే సంతకం పెట్టకండి. ‘చదువుకుని రేపిస్తాను’ అనండి. పెట్టక తప్పకపోతే సంతకం పక్కనే ‘అందినట్టు మాత్రమే, ఇందులోని విషయాలతో ఏకీభవించడం లేదు’ అని మీ చేత్తో రాసి తేదీ వేయండి. రెండు రోజుల్లోపు మేనేజర్‌కి, హెచ్‌ఆర్‌కి కలిపి ఒక మెయిల్ పంపండి. నాలుగే అడగండి: ఏ కొలత ప్రకారం వెనకబడ్డాను, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ రిపోర్టులోంచి తీశారు, ఎంతకి చేరితే పాస్ అయినట్టు. ‘ఓనర్‌షిప్’ అన్న మాటను అంకెలోకి మార్చమని మర్యాదగా అడగండి. మార్చలేకపోతే ఆ మెయిల్ రేపు మీకు పనికొస్తుంది.

అంకెలు వచ్చాక వాటిని నమ్మేయకండి. ఎక్కువ తప్పులు భాగహారంలో కింది అంకెలోనే ఉంటాయి. ఉదాహరణకి రోజుకు 40 టికెట్లు (సెల్లర్ల ఫిర్యాదులు), నెలకు 22 పని దినాలు అంటే టార్గెట్ 880. మీరు 5 రోజులు సెలవులో ఉండి 700 టికెట్లు ముగించారు. రిపోర్టులో సెలవులు తీసెయ్యకపోతే 79.5 శాతం కనిపిస్తుంది. తీసేస్తే పని దినాలు 17, టార్గెట్ 680, మీరు చేసింది 103 శాతం. ఒక్క సెలవు లెక్కతో ఫెయిలైన మనిషి పాసైపోయాడు. అలాగే సెల్లర్ జవాబు కోసం ఆగిన టికెట్లు మీ సమయంలో కలిశాయా, మూసిన టికెట్‌ని వేరేవాళ్లు తెరిస్తే మీ ఖాతాలో పడిందా, దసరా అమ్మకాల వారాన్ని మామూలు వారంతో పోల్చారా అన్నవి కూడా చూడండి.

వారానికోసారి పావుగంట సమీక్ష అడగండి. నోటిమాట నీటిమూట, కాబట్టి అదే రోజు సాయంత్రం ‘ఇవాళ మనం అనుకున్నవి’ అని ఐదు లైన్ల మెయిల్ పంపండి. మీ ఆఫర్ లెటర్, జీతం స్లిప్పులు, పాత అప్రైజల్ లెటర్లు, పీఐపీ కాగితం, ఇవి మీవి. వాటిని ఇంట్లో భద్రం చేసుకోండి. కానీ సెల్లర్ల వివరాలున్న రిపోర్టులు, డ్యాష్‌బోర్డు ఫొటోలు సొంత మెయిల్‌కి పంపకండి. అసలు విషయం పక్కకు పోయి సమాచారం బయటికి తీసుకెళ్లారన్న ఒక్క కారణంతో ఉద్యోగం పోతుంది. న్యాయం మన వైపున్న కేసులు కూడా ఇలాగే చెడిపోతాయి.

‘ఇవాళే రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్ శుభ్రంగా ఇస్తాం’ అంటారు. మీ అంతట మీరు రాజీనామా చేస్తే, తొలగించారని తర్వాత వాదించడం చాలా కష్టం. ఎన్ని నెలల జీతం ఇస్తారో రాసిమ్మనండి, ఒక రాత్రి ఆలోచించుకోండి. మన దగ్గర 1988 నాటి షాపులు, సంస్థల చట్టంలో 47వ సెక్షన్, ఆరు నెలలు దాటిన ఉద్యోగిని సరైన కారణం, నెల నోటీసు లేకుండా తొలగించకూడదంటుంది. అయితే ఐటీ, ఐటీ ఆధారిత సేవల సంస్థలకు ప్రభుత్వం ఈ చట్టంలోని కొన్ని నిబంధనల నుంచి మినహాయింపులిచ్చింది. మీ ఆఫీసు ఏ కోవలో నమోదైందో, మినహాయింపు ఎంతవరకో కార్మిక చట్టాల న్యాయవాదికి ఒకసారి చూపించండి. ఈ పనులన్నీ చేస్తూనే మొదటి రోజు నుంచే వేరే ఉద్యోగం కూడా చూసుకోండి. చాలా ఆఫీసుల్లో పీఐపీ అంటే పేరు మార్చిన నోటీసే.

ప్రశ్న: నేను 40 మంది కస్టమర్ కేర్ టీంకి మేనేజర్‌ని. ఉద్యోగుల సర్వేలో ‘నాయకత్వం మీద నమ్మకం’ అన్న ప్రశ్నకి మా టీం మార్కులు అట్టడుగున వచ్చాయి. పైవాళ్లు టీంని రిసార్ట్‌కి తీసుకెళ్లమంటున్నారు. పనిచేస్తుందా?

జవాబు: చేయదు. కాలినచోట మందు రాయకుండా కొత్త చొక్కా తొడిగితే ఏం లాభం?

ముందు మీ టీంలో ఎందరు వెళ్లిపోయారో లెక్కేయండి. మూడు నెలల మొదట్లో 40 మంది, చివర్లో 34 మంది, ఈలోగా వెళ్లిపోయినవాళ్లు 9 మంది, కొత్తగా చేరినవాళ్లు ముగ్గురు అనుకుందాం. సగటు బలం 37. తొమ్మిదిని 37తో భాగిస్తే 24 శాతం పైచిలుకు, అది మూడు నెలలకే. ఏడాదికి ఇదే వేగమైతే టీం మొత్తం మారినంత పని. కంపెనీ మొత్తానికి తీసిన ఏడాది సగటులో మీ టీం గాయం కనిపించదు. వెళ్లినవాళ్లలో చేరిన 90 రోజుల్లోపు వెళ్లినవారిని వేరుగా రాయండి. వాళ్లు ఎక్కువైతే తప్పు ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడు చెప్పిన మాటల్లో ఉంది: పగటి షిఫ్టని చెప్పి రాత్రి షిఫ్టు వేసి ఉంటారు. రెండేళ్లు దాటినవాళ్లు ఎక్కువైతే ప్రమోషన్లలో వెతకండి.

సర్వే చేతికొచ్చాక మేనేజర్లు చేసే పెద్ద తప్పు, ఆ కామెంట్ రాసిందెవరో ఊహించడం. ఒక్కసారి ‘ఇది నువ్వేనా రాసింది?’ అని నవ్వుతూ అడిగినా చాలు, వచ్చే ఏడాది అందరూ పదికి పది వేస్తారు, మీకేమీ తెలియదు. ఫలితాలను ఉన్నవున్నట్టు టీంకి చూపించండి. మీ చేతిలో ఉన్నవి రెండు తీసుకుని నెలలోపు మార్చండి. కస్టమర్ కేర్‌లో ఆ రెండూ సాధారణంగా రోస్టర్, వీక్లీ ఆఫ్. రోస్టర్ రెండు వారాల ముందే గోడకెక్కాలి, మారిస్తే ఎందుకు మార్చారో రాతలో ఉండాలి. రాత్రి షిఫ్టు ముగిసిన మనిషికి తర్వాతి షిఫ్టుకి కనీసం 12 గంటల విరామం ఉండాలి. మీ చేతిలో లేనిదాన్ని, ఉదాహరణకి ఆఫీసుకి ఎన్ని రోజులు రావాలన్నదాన్ని, ‘చూస్తాం’ అని నాన్చకండి. ‘అది నా పరిధిలో లేదు, పైకి రాశాను, ఇదీ వచ్చిన జవాబు’ అని చెప్పేయండి. రోస్టర్ మీద పట్టు లేని మేనేజర్ సంస్కృతి గురించి ఎన్ని స్లైడ్లు చూపించినా ఎవరూ వినరు.

చివరి రోజు హెచ్‌ఆర్ చేసే ఎగ్జిట్ ఇంటర్వ్యూ మీద ఆశ పెట్టుకోకండి. రిలీవింగ్ లెటర్ చేతికి రాని మనిషి నిజం చెప్పడు. వెళ్లిన మూడు నెలలకు మీ టీంతో సంబంధం లేని ఒకరితో ఫోన్ చేయిస్తే అసలు సంగతులు బయటికొస్తాయి.

ప్రశ్న: నైట్ షిఫ్టులో టీం లీడర్ డబుల్ మీనింగ్ మాటలు, అర్ధరాత్రి మెసేజ్‌లు. హెచ్‌ఆర్ మేడమ్‌కి చెబితే ‘సర్దుకుపోమ్మా’ అన్నారు.

జవాబు: మీరు చెప్పాల్సింది హెచ్‌ఆర్‌కి కాదు, అంతర్గత కమిటీకి. పనిచోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం 10 మంది లేదా ఎక్కువమంది ఉన్న ప్రతి సంస్థలో మహిళ అధ్యక్షతన ఆ కమిటీ ఉండాలి, బయటి సభ్యులొకరు ఉండాలి. కమిటీ లేకపోతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఇవ్వొచ్చు. చివరి ఘటన జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా, ఆరు కాపీలివ్వాలి. సరైన కారణం ఉంటే మరో 3 నెలలు గడువు పెంచుతారు. మెసేజ్‌లు చెరిపేయకండి, తేదీ, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఈలోగా మిమ్మల్నిగానీ అతన్నిగానీ వేరే టీంకి మార్చమనీ, మీ సెలవులకు అదనంగా 3 నెలల వరకు సెలవు కావాలనీ రాతలో అడగొచ్చు. రాజీ అన్నది మీరు అడిగితేనే, అదీ డబ్బు మాట లేకుండా. ఎవరో ‘సర్దుకుపో’ అంటే అది రాజీ కిందికి రాదు.

ఊరికే కేకలు వేసే బాసు ఈ చట్టంలోకి రాడు. అలాంటివాడి మీద మొదటి జవాబులో చెప్పిన ఫిర్యాదుల కమిటీ దారి పట్టాలి.

ప్రశ్న: మా స్టార్టప్ యజమాని మేనేజర్లనే తీసేసి అందరూ సమానమేనంటున్నాడు. ఇక బాసుల బాధ ఉండదా?

జవాబు: అమెరికాలో బూట్లు అమ్మే జాపోస్ ఇదే చేసింది. 2015లో కొత్త పద్ధతి నచ్చనివాళ్లు డబ్బు తీసుకుని వెళ్లిపోవచ్చంటే 14 శాతం, అంటే 210 మంది వెళ్లిపోయారు. బాసు పోయినా సెలవు ఎవరు ఇస్తారు, జీతం పెంపు ఎవరు తేలుస్తారు అన్నవి పోవు. ఆ రెంటినీ ఎవరు చూస్తారో పేరు రాసి ఇమ్మనండి.

ప్రశ్న: విసిగిపోయి మానేశాను. చేరినప్పుడు ఇచ్చిన జాయినింగ్ బోనస్ మొత్తం తిరిగి కట్టమంటున్నారు.

జవాబు: ఆఫర్ లెటర్‌లో ఆ షరతు ఎన్ని నెలలకో, మొత్తమో, మిగిలిన నెలల వంతో చూడండి. పన్ను కోసి మీ చేతికిచ్చింది తక్కువ, అడుగుతున్నది కోయకముందు మొత్తం అయితే అక్కడే పేచీ పెట్టండి. వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవారి జీతం బకాయి రెండు పని దినాల్లో ఇవ్వాలి, బోనస్ తగాదా పేరుతో అది ఆపితే మెయిల్‌లో నిలదీయండి. పీఎఫ్ ఖాతాలో మీరు మానేసిన తేదీ కంపెనీ వేయకపోతే చివరి చందా పడ్డ రెండు నెలల తర్వాత పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు.