కర్ర దిగేటప్పుడు కింద ఎవరున్నారు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఆటోమేటిక్ బూమ్ బారియర్లు

అపార్ట్‌మెంట్లు, విల్లాల గేట్ల దగ్గర పెట్టే బూమ్ బారియర్ల గురించి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రిమోట్, ట్యాగ్, యాప్ గురించే అడిగాయి. అవి తేలికైన సంగతులు. బూమ్ అనే అడ్డుకర్రను పైకి లేపడం ఏ మెషీన్ అయినా చేస్తుంది. కింద మనిషో బండో ఉన్నప్పుడు దిగకుండా ఆగడమే దాని అసలు పని. అందుకే ఈసారి భద్రత ప్రశ్నలకే ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: మా గేటు వెడల్పు 6 మీటర్లు. దానికి 6 మీటర్ల బూమ్ ఒకటి సరిపోతుందని కొటేషన్ ఇచ్చారు. సివిల్ పని మాత్రం మమ్మల్నే చేయించుకోమంటున్నారు. మేస్త్రీకి ఏం చెప్పాలి? – అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి, నిజాంపేట

జవాబు: మేస్త్రీని పిలిచే ముందు ఒకసారి తలెత్తి పైకి చూడండి. 6 మీటర్ల బూమ్ నిటారుగా లేచిందంటే దాని కొస నేల నుంచి 7 మీటర్ల దాకా వెళ్తుంది. ఎల్‌టీ (లో టెన్షన్) కరెంటు తీగలు రోడ్డు దాటే చోట 5.8 మీటర్ల ఎత్తులో కూడా ఉండొచ్చు. బూమ్ అల్యూమినియం గొట్టం. మిగతాది చెప్పక్కర్లేదు. తీగలు లేకపోయినా ఆర్చి, చెట్టు కొమ్మ, మొదటి అంతస్తు బాల్కనీ ఉన్నాయేమో చూడాలి. ఆర్చి ఉంటే మధ్యలో మడత పడే బూమ్ తీసుకోవాలి.

మా సలహా: ఒక పెద్ద బూమ్ బదులు రెండు పక్కల నుంచి ఎదురెదురుగా 3 మీటర్లవి రెండు పెట్టించండి. చిన్న బూమ్ తేలిక, ఊగదు, తగిలినా దెబ్బ తక్కువ. ఖర్చు పెరుగుతుంది, నిజమే. గేటు మధ్యలో దిమ్మె కట్టి దాని మీద మెషీన్లు పెట్టే పద్ధతి మాత్రం వద్దు. ఎత్తైన భవనాలకు ప్రధాన ద్వారం 6 మీటర్లకు తగ్గకూడదని, ఆర్చి ఉంటే 5 మీటర్ల ఎత్తుకు తగ్గకూడదని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. అది ఫైరింజన్ కోసం. మధ్యలో దిమ్మె వచ్చిందంటే ఆ వెడల్పు పోయినట్టే.

ఇక పునాది. కంపెనీ డ్రాయింగ్ ఉంటే దాని ప్రకారమే. లేకపోతే మామూలు మెషీన్‌కు 500 × 500 మి.మీ. గుంత, నేలలోకి 500 మి.మీ. లోతు, రోడ్డు మట్టం మీద ఇంకో 100 మి.మీ. ఎత్తు. ఆ 100 ఎందుకంటే వాన నీళ్లు కేబినెట్‌లోకి, అంటే మెషీన్ పెట్టెలోకి, రాకుండా. మీ గేటు దగ్గర నీళ్లు నిలిచే అలవాటుంటే ఇంకా పెంచండి. 1:1.5:3 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు, సిమెంటు ఒకటింబావు బస్తా దాకా పడుతుంది. 16 మి.మీ. జె-బోల్టులు నాలుగు, కేబినెట్‌తో వచ్చిన టెంప్లేట్ ప్లేటుకు బిగించి, స్పిరిట్ లెవెల్ చూసుకుని, కాంక్రీటు పోసేటప్పుడే నిలపాలి. తర్వాత డ్రిల్ చేసి ఫాస్టెనర్లు కొడదామనే మేస్త్రీలుంటారు, ఒప్పుకోవద్దు. రోజుకు వందల సార్లు లేచి దిగే కర్ర అది, ఫాస్టెనర్ మెల్లగా వదులైపోతుంది. ఏడు రోజులు నీళ్లు పట్టాక మెషీన్ ఎక్కించాలి.

కాంక్రీటు పోయక ముందే రెండు వేర్వేరు పైపులు వేయించండి. ఒకటి కరెంటుకు, ఒకటి లూప్ (బండిని గుర్తుపట్టడానికి రోడ్డులో పూడ్చే తీగ చుట్ట), సెన్సర్ తీగలకు. రెండింటినీ ఒకే పైపులో లాగితే లూప్ డిటెక్టర్ లేని కారును చూస్తుంది, ఉన్న కారును మర్చిపోతుంది. తీగలు లాగాక పైపుల మూతులు ఫోమ్‌తో మూసేయాలి. బోర్డు కాలిపోయిందని తెచ్చే కేసుల్లో లోపల చచ్చిన బల్లి కనబడటం అరుదేమీ కాదు.

కింద సెల్లార్ ఉంటే ఇదంతా చెల్లదు. శ్లాబు తవ్వకూడదు. కడ్డీలు తెగుతాయి, వాటర్‌ప్రూఫింగ్ పోతుంది. శ్లాబు మీదే చిన్న ఆర్‌సీసీ దిమ్మె కట్టి, స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పిన చోట కెమికల్ యాంకర్లతో నిలపాలి. అక్కడ లూప్ కోత కూడా వద్దు, రాడార్ సెన్సర్ వాడండి.

ప్రశ్న: మా బారియర్‌కు లూప్ ఉంది. అయినా రెండుసార్లు స్కూటర్ల మీద దిగింది. ఒకసారి ఒకావిడ భుజానికి తగిలింది. కంపెనీవాళ్లు సెన్సిటివిటీ పెంచి వెళ్లారు. ఇంకేం చేయాలి? – పేరు వద్దన్నారు, గుంటూరు

జవాబు: సెన్సిటివిటీ పెంచితే తీరేది కాదు. లూప్ అంటే రోడ్డులో పూడ్చిన తీగ చుట్ట. దాని మీదికి లోహం వస్తే ఇండక్టెన్స్ మారుతుంది, డిటెక్టర్ ఆ మార్పును పడుతుంది. కారు కింద పరుచుకున్న ఇనుము బాగా తెలుస్తుంది. ప్లాస్టిక్ బాడీ స్కూటర్ లూప్ మధ్యలోంచి వెళ్తే చాలాసార్లు తెలియదు, తీగ అంచు మీదుగా వెళ్తే కొంత తెలుస్తుంది. మనిషైతే అసలు తెలియడు. కాబట్టి లూప్ ఒక్కటే ఉన్న బారియర్‌కు ఆటో క్లోజ్ (దానంతటదే దిగడం) పెట్టడమే తప్పు.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని కర్ర కిందికి మనుషులు రాకుండా చేయడం. నడిచేవాళ్లకు వికెట్ గేటు (చిన్న తలుపు) విడిగా ఉండాలి. స్థలం ఉంటే బండ్లకు పక్కన 1.2 మీటర్ల దారి వదిలి, బూమ్ కొస అక్కడికి రాకముందే ఆగేలా పెట్టండి. మన అపార్ట్‌మెంట్లలో కార్లకంటే బండ్లే ఎక్కువ. వాటన్నిటినీ కర్ర కింద నుంచే పంపుతూ ప్రమాదం జరగకూడదనుకుంటే ఎలా?

తర్వాత ఫోటోసెల్, అంటే ఒకవైపు ట్రాన్స్‌మిటర్ పంపే కిరణాన్ని ఎదురుగా రిసీవర్ అందుకుంటూ, మధ్యలో అడ్డొస్తే పట్టే సెన్సర్. బూమ్ గీతకు ఆనుకుని, నేల నుంచి 50–60 సెం.మీ. ఎత్తులో ఒక జత. ఎన్‌సీ (మామూలుగా మూసి ఉండే) కాంటాక్ట్‌తోనే కలపమనండి. అంటే తీగ తెగినా, సెన్సర్‌కు కరెంటు పోయినా కంట్రోలర్ ‘అడ్డుంది’ అనుకుని బూమ్ దించకూడదు. మెయిన్ ఆపి, ఒక సెన్సర్ తీగ పీకి, మళ్లీ ఆన్ చేసి క్లోజ్ నొక్కండి. బూమ్ దిగిందంటే కనెక్షన్ తప్పు. రిసీవర్ మీద పొద్దుటి ఎండో సాయంత్రపు ఎండో సూటిగా పడకూడదు. పడుతుంటే రిసీవర్‌ను, ట్రాన్స్‌మిటర్‌ను అటూ ఇటూ మార్చండి.

మూడోది వేగం. 3 మీటర్ల బూమ్ ఒకటిన్నర సెకనులో దిగుతుందని బ్రోషర్లో గొప్పగా రాస్తారు. అది టోల్‌గేట్‌కు. మీకు 3 సెకన్లు, చివర్లో ఇంకాస్త నెమ్మది. ప్రమాదం ఎక్కువగా జరిగేది ఇలాగే: ముందు కారు లూప్ దాటుతుంది, బూమ్ దిగడం మొదలవుతుంది, కారు వెనకే దూరిన స్కూటర్ సరిగ్గా దాని కిందికి వస్తుంది. నెమ్మదిగా దిగే కర్రకు వెనక్కి తిరిగే వ్యవధి ఉంటుంది. కారు దాటాక ఒకటి రెండు సెకన్లు ఆగి దిగేలా ఆలస్యం కూడా పెట్టండి. బూమ్ అడుగున రబ్బరు పట్టీ తప్పనిసరి.

డిటెక్టర్లో ఇంకో మీట ఉంటుంది, చాలామంది చూడరు: ప్రెజెన్స్ టైమ్. దాన్ని 5 నిమిషాల్లాంటి పరిమితికి పెడితే, కర్ర కింద ఆగిపోయిన కారును ఆ గడువు తర్వాత డిటెక్టర్ మర్చిపోతుంది, బూమ్ కారు మీద దిగుతుంది. బారియర్‌కు ఎప్పుడూ పర్మనెంట్ ప్రెజెన్సే.

చివరికి పరీక్ష. మనిషి చేత్తో కాదు, ఖాళీ అట్టపెట్టెతో. దిగుతున్న బూమ్ కింద పెడితే తగలగానే ఆగి పైకి తిరగాలి. మూసుకునే అంచు కొట్టే బలం 400 న్యూటన్లు, అంటే సుమారు 40 కిలోల బరువు, దాటకూడదనీ ముప్పావు సెకనులో అది 150 న్యూటన్లకు పడిపోవాలనీ యూరప్ ప్రమాణం ఈఎన్ 12453 చెబుతుంది. అట్టపెట్టె నలిగి చదునైందంటే ఫోర్స్ సెట్టింగ్ తగ్గించాల్సిందే. నెలకోసారి ఈ పరీక్ష చేసి రిజిస్టర్‌లో రాయండి.

ప్రశ్న: లూప్ మేమే వేయించుకుంటున్నాం. కొలతలు చెబుతారా? మాది పేవర్ బ్లాకుల దారి. – ఎలక్ట్రీషియన్, హనుమకొండ

జవాబు: ముందు సిమెంటు లేదా తారు రోడ్డుకు చెబుతాం. 3 మీటర్ల దారికి అడ్డంగా 2 మీటర్లు, కార్లు నడిచే దిశలో 1 మీటరు. బూమ్ గీత దాని మధ్యలో పడాలి. కోత వెడల్పు 4–5 మి.మీ., లోతు 40–50 మి.మీ. నాలుగు మూలల్లో తీగ ఒరుసుకోకుండా 45 డిగ్రీల అడ్డకోత ఇవ్వాలి. 1.5 చదరపు మి.మీ. రాగి తీగ, ఒకే ముక్క, నాలుగు చుట్లు. అంటే చుట్లకే 24 మీటర్లు. కేబినెట్ దాకా వెళ్లే రెండు తీగలను మీటరుకు కనీసం 20 మెలికలు వచ్చేలా పురిపెట్టాలి. చేతి డ్రిల్లుకు కట్టి తిప్పితే తేలిక. కేబినెట్ 5 మీటర్ల లోపు ఉంటే 90 మీటర్ల కాయిల్ ఒకటి రెండు లూపులకు వస్తుంది. కోతలో ఎక్కడా అతుకు వద్దు.

సీల్ చేసే ముందు 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) తీగకూ ఎర్తుకూ మధ్య చూడండి. 10 మెగాఓంల పైన రావాలి. తక్కువ వస్తే తీగ ఎక్కడో చీరుకుంది. వానాకాలంలో ఏడిపించేవి ఈ లూపులే. రెండు లూపులు పక్కపక్కన ఉంటే డిటెక్టర్ల ఫ్రీక్వెన్సీ స్విచ్చులు వేర్వేరుగా పెట్టాలి, లేకపోతే ఒకదాన్ని చూసి ఒకటి పలుకుతాయి.

పేవర్ బ్లాకుల మీద కోత వేయొద్దు. బ్లాకులు కదులుతాయి, తీగ కదిలితే అదే కారు వచ్చినట్టు చూపిస్తుంది, చివరికి తెగుతుంది. బ్లాకులు లేపి, 20 మి.మీ. పీవీసీ పైపుతో చట్రం చేసి, అందులో తీగ చుట్లు లాగి, ఇసుక పరుపు కింద పలచటి కాంక్రీటు పట్టీలో పొదిగి మళ్లీ బ్లాకులు పరచండి. లోతు పెరుగుతుంది కాబట్టి ఒక చుట్టు ఎక్కువ వేయండి. కాంక్రీటులో కడ్డీ మెష్ వద్దు.

ట్రాక్టరు తొట్టి వచ్చే చోట అయితే జాగ్రత్త. ఇంజనుకూ తొట్టికీ మధ్య ఖాళీలో లూప్ ఒక్కోసారి బండి వెళ్లిపోయిందనుకుంటుంది. అక్కడ ఆటో క్లోజ్ తీసేసి వాచ్‌మన్ చేతికే బటన్ ఇవ్వడం మేలు.

ప్రశ్న: వాన పడ్డప్పుడు కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది. – రాజమహేంద్రవరం

జవాబు: ఈ ఉత్తరం చదివిన రోజే ఎంసీబీ దించేయండి. బాగుచేసే దాకా వేయొద్దు. కేబినెట్‌కు ఎర్త్ లేదు, లేదా తెగింది. ఎర్త్ పిట్ నుంచి కేబినెట్ బాడీకీ తలుపుకీ విడివిడిగా తీగ రావాలి. న్యూట్రల్‌నే బాడీకి కట్టేసే ‘సర్దుబాటు’ ప్రాణాంతకం. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే కేబినెట్ మొత్తం 230 వోల్టులవుతుంది. ఈ సర్క్యూట్‌కు విడిగా 6 ఆంపియర్ల ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) పెట్టించండి. ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కితే పడాలి. మెషీన్ పెట్టాక అది మాటిమాటికీ పడుతోందని తీసేయించిన సంఘాలున్నాయి. అది పడుతోందంటే లీకేజీ ఉందనే అర్థం. యూపీఎస్ పెడితే ఎర్త్ తీగ తెగకుండా మెషీన్ దాకా వెళ్లిందో లేదో కూడా చూడండి.

ప్రశ్న: బూమ్ దిగేటప్పుడు దబ్బున పడుతోంది, లేవడానికి కష్టపడుతోంది. మోటారు మార్చాలంటున్నారు. – విశాఖపట్నం

జవాబు: ఆగండి. కరెంటు ఆపి, మాన్యువల్ రిలీజ్ తాళం తిప్పి, చేత్తో బూమ్‌ను 45 డిగ్రీల దగ్గర వదలండి. తరాజులా అక్కడే నిలవాలి. పడిపోతే స్ప్రింగ్ చాలడం లేదు, పైకి లేచిపోతే ఎక్కువైంది. మోటారు చేసేది కర్రను మొయ్యడం కాదు, బరువు మోసేది స్ప్రింగే. బూమ్ పొడవును బట్టి స్ప్రింగ్ మారుతుంది. 3 మీటర్ల స్ప్రింగ్‌తో 4.5 మీటర్ల బూమ్ తగిలించి వెళ్లేవాళ్లున్నారు. ఇంకో కారణం మనం తగిలించే బరువు. పండక్కి ఫ్లెక్సీ, సీరియల్ లైట్లు, అడుగున జాలీ. సముద్రపు గాలికి ఆ ఫ్లెక్సీ తెరచాప పని కూడా చేస్తుంది. తీసేసి చూడండి.

స్ప్రింగ్ సర్దేటప్పుడు బూమ్ నిటారుగానే ఉండాలి, అప్పుడే అది వదులుగా ఉంటుంది. బూమ్ అడ్డంగా ఉండగా స్ప్రింగ్ పూర్తిగా సాగి ఉంటుంది. ఆ స్థితిలో బూమ్ విప్పితే లోపలి ఇరుసు ఒక్క ఉదుటున తిరుగుతుంది. వేళ్లు పోయేది అక్కడే. అనుభవం లేనివాళ్లను ముట్టుకోనివ్వకండి.

ప్రశ్న: మే నెలలో మధ్యాహ్నం ఆగిపోయి, సాయంత్రానికి దానంతటదే పనిచేస్తోంది. – రామగుండం

జవాబు: ఏసీ మోటారు లోపలి థర్మల్ స్విచ్ పడుతోంది. చల్లారాక మళ్లీ కలుస్తుంది. మెషీన్ లేబుల్ మీద డ్యూటీ సైకిల్, అంటే మొత్తం సమయంలో మోటారు ఎంత శాతం నడవొచ్చో, చూడండి. 30 శాతం అని ఉంటే అది విల్లాకు పనికొచ్చేది, వందల కార్ల గేటుకు కాదు. రేకు నీడ వేయండి. స్ప్రింగ్ సరిగా లేకున్నా మోటారు వేడెక్కుతుంది, పై జవాబులోని 45 డిగ్రీల పరీక్ష చేయండి. కొత్తది కొంటే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ) మోటారుది తీసుకోండి.

ప్రశ్న: లోపల పార్క్ చేసిన కారు ట్యాగ్‌కు కూడా గేటు తెరుచుకుంటోంది. – కొండాపూర్

జవాబు: ట్యాగ్‌లను చదివే 865–867 మెగాహెర్ట్జ్ రీడర్లు 6 నుంచి 10 మీటర్ల దాకా చదువుతాయి. మీకు అంత అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌లో పవర్ తగ్గించి, యాంటెన్నాను వచ్చే కారు అద్దం వైపు కిందికి వంచండి. ఎంట్రీ వైపు ఇంకో లూప్ వేసి, దాని మీద కారు ఉంటేనే రీడర్ పలికేలా పెడితే సమస్య పూర్తిగా పోతుంది.

ప్రశ్న: మా కాలనీ రోడ్డు మొదట్లో దొంగల భయానికి బారియర్ పెడదామనుకుంటున్నాం. పర్మిషన్ కావాలా? – కరీంనగర్

జవాబు: లేఅవుట్ అనుమతి పొందేటప్పుడు రోడ్లను గిఫ్ట్ డీడ్ ద్వారా మున్సిపాలిటీకి అప్పగించి ఉంటే అది ప్రజల దారి. దాన్ని మూసే హక్కు సంఘానికి లేదు. మున్సిపల్ కార్యాలయంలో లేఅవుట్ ఫైలు చూసి, రాతపూర్వకంగా అడిగాకే డబ్బు ఖర్చు పెట్టండి. అంతవరకూ సీసీ కెమెరా, వీధి దీపం చాలు.