‘గైజ్’ అంటే మగోళ్లేనా?

సందేహం: మా టీమ్‌లో నలుగురం ఆడవాళ్లమే. అయినా మేనేజరమ్మ రోజూ ‘హే గైజ్’ అనే పలకరిస్తది. మేం కూడా అట్లనే అనొచ్చా?

అనొచ్చు. నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి కొత్తగా అమెరికా వచ్చినవాళ్లకు ముందుగా తికమకపెట్టే మాట ఇదే. మనకు ‘నువ్వు’, ‘మీరు’ అని రెండున్నయి, ఇంగ్లీషుకు రెంటికీ ఒకటే ‘యూ’. ఎదుట ఉన్నది ఒకరు కాదు, చాలామంది అని తెలియడానికి దాని పక్కన ‘గైజ్’ తగిలిస్తారు. మన ‘మీరంతా’ లాంటిదే. ఆడా మగా తేడా లేదు, ‘మీరు’లో ఉండే మర్యాదా లేదు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో హోటల్‌కు పోతే, వడ్డించే పిల్ల ‘హౌ ఆర్ యూ గైజ్ డూయింగ్?’ అంటుంది. అమ్మను మగమనిషిని చేసిందని నొచ్చుకోవద్దు. ‘గుడ్, థాంక్స్’ అంటే చాలు. అన్నట్టు, చివర పలికేది ‘స్’ కాదు, ‘జ్’. టెక్సాస్‌లాంటి దక్షిణాది రాష్ట్రాల్లో ఇదే పనికి ‘యాల్’ ఎక్కువగా వినిపిస్తుంది.

పిలుపు దాటి లెక్కలోకి పోయినప్పుడే చిక్కు. ‘మా టీమ్‌లో ఫైవ్ గైజ్ ఉన్నారు’ అంటే వినేవాళ్లకు ఐదుగురు మగవాళ్లు కనిపిస్తారు. ‘షీ ఈజ్ ఎ నైస్ గై’ అంటే నవ్వుతారు, అక్కడ ‘పర్సన్’ అనాలి. ఏకవచనంలో ‘గై’ మగవాడే.

దీని పుట్టుకా అటువంటిదే. 1605 నవంబరు 5న లండన్‌లో పార్లమెంటు కింద 36 పీపాల తుపాకీమందుతో గై ఫాక్స్ అనే మనిషి దొరికాడు. తర్వాతి కాలంలో ఏటా ఆ రోజు, మన దసరాకు రావణుణ్ని కాల్చినట్టు, అతని బొమ్మను కాల్చేవాళ్లు. ఆ బొమ్మ పేరు ‘గై’. తర్వాత వింత వేషం వేసినవాడు ‘గై’ అయ్యాడు, అమెరికా చేరాక ఏ మగవాడైనా ‘గై’ అయ్యాడు.

ఇక మర్యాద సంగతి. ‘దట్ గై’ అనేది మన ‘ఆయన’ కన్నా కింద, ‘వాడు’ కన్నా పైన. తోటివాళ్ల గురించి అనుకోవచ్చు గానీ పెద్ద మేనేజరు గురించి, క్లయింటు గురించి వద్దు. మెయిల్‌లో ‘హాయ్ గైజ్’ మీ చిన్న టీమ్ వరకే. బయటివాళ్లకు ‘హాయ్ ఆల్’, ‘హాయ్ ఎవ్రీవన్’ రాయండి. ఆడవాళ్లను కూడా గైజ్ అనడం నచ్చనివాళ్లూ ఉంటారు, వాళ్ల దగ్గర ‘ఫోక్స్’ అంటే గొడవే లేదు. బతుకమ్మ కాడ మన పెద్దమ్మలను, అత్తలను మాత్రం ‘గైజ్’ అనకండి. అది ఇంగ్లీషు తప్పు కాదు, తెలుగు తప్పు.

జంట మాటల్లో ఇంకో తిరకాసు ఉంది. ‘ఐ నో ఎ గై’ అంటే కారు బాగుచేయడానికో, పన్ను లెక్కలకో ‘మనోడొకడున్నడు’ అని. ‘వైజ్ గై’ అంటే తెలివైనవాడని మురిసిపోవద్దు, వెటకారాలు పోయేవాడని. ‘ఫాల్ గై’ అంటే అందరి తప్పూ నెత్తిన పడ్డ బకరా.

క్యాంపింగ్‌లో టెంటు వేస్తూ ‘గై లైన్ లాగు’ అంటే మాత్రం మనిషి కోసం వెతకొద్దు. అది వేరే పదం. మన బాయికాడ కరెంటు స్తంభానికి ఉండే స్టే వైరు లాంటి తాడు.