‘ఉంది’ అని రాసే ముందు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. విషయం నీకు తెలుసు, అందులో అనుమానం లేదు. కానీ ‘యాంబియంట్ అయనైజేషన్ మాస్ స్పెక్ట్రోమెట్రీ అనగా’ అంటూ మొదలుపెట్టావు. ఆ ‘అనగా’ దగ్గరే సగం మంది లేచి వెళ్లిపోతారు. శాంపిల్‌ని మామూలు గాలిలో ఉంచే, దాని అణువులను విద్యుదావేశమున్న అయాన్లుగా మార్చి, వాటి బరువును బట్టి అవేమిటో మిషన్‌తో గుర్తుపట్టే పద్ధతి అని తేటగా చెప్పొచ్చుగా!

ముందు పాత పద్ధతిలో ఉన్న చాకిరీ చూపించు. మాత్రను నూరాలి, ద్రావకంలో కలపాలి, వడకట్టాలి, అందులోని పదార్థాలను క్రొమటోగ్రఫీ అనే పద్ధతిలో విడివిడిగా వేరుచేయాలి, ఆ తర్వాతే మాస్ స్పెక్ మిషన్‌లో పెట్టాలి. 2004లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీలో గ్రాహం కుక్స్ బృందం ఈ చాకిరీని చాలావరకు తప్పించింది. మాత్రను మామూలు గాలిలో అలాగే ఉంచి, దాని మీదికి విద్యుదావేశమున్న ద్రావకాన్ని తుంపరగా కొట్టారు. పైపొరలోని అణువులు ఆ తడిలో కరిగి, సన్నటి బొట్లతో పాటు పైకి చింది, అయాన్లుగా మారి మిషన్‌లోకి వెళ్తాయి. దీని పేరు డెజీ. మరుసటి ఏడాది వచ్చిన డార్ట్‌కి ఆ తుంపర కూడా అక్కర్లేదు, ఉత్తేజిత హీలియంతో పని జరిగిపోతుంది. అలాగని మిషన్ లోపల అయాన్లను వేరుచేసే చోట శూన్యం ఉండక తప్పదు. ‘శూన్యంతో పనిలేదు’ అన్న నీ వాక్యం కొట్టేశాను.

ఇక అసలు సంగతి. మలేరియాకు వాడే ఆర్టిసునేట్ మాత్రల గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టావు. వ్యాసమంతా దాని చుట్టూనే తిరగాలి కదా! ఆగ్నేయాసియాలో సేకరించిన 391 శాంపిళ్లలో దాదాపు సగం నకిలీవని 2008లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. ఆ నకిలీ మాత్రల్లో పారాసిటమాల్, క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్, ఆఖరికి మత్తుమందు తయారీలో వాడే సాఫ్రోల్ కూడా దొరికాయి. అంతకన్నా భయం వేసేది ఇంకోటి ఉంది. కొన్నింటిలో అసలు మందు కూడా ఉంది, కాకపోతే చాలా కొద్దిగా. ‘మందు ఉందా?’ అనే పరీక్షలో అలాంటి మాత్ర గట్టెక్కేస్తుంది. రోగికి జ్వరం తగ్గదు, పైగా ఆ కొద్దిపాటి మందుకు పరాన్నజీవి అలవాటుపడే ప్రమాదం కూడా ఉంది.

‘ఉందా?’ ‘ఎంత ఉంది?’ ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. నేనూ ఒకప్పుడు ఇక్కడే బోల్తాపడ్డాను. మిర్చిలో పురుగుమందు దొరికిందని పెద్ద అక్షరాలతో రాస్తే, ఒక రైతు ఫోన్ చేసి, ‘ఎంత ఉందో రాయలేదేమండీ?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. డెజీ, డార్ట్‌లతో మొదటి ప్రశ్నకు సెకన్లలో జవాబొస్తుంది. రెండోదానికి అంత తేలిగ్గా రాదు. శాంపిల్‌ని కాస్త జరిపి పెట్టినా సిగ్నల్ మారిపోతుంది. అందుకే ఐసోటోపు గుర్తున్న, అంటే కొన్ని పరమాణువులు కాస్త బరువుగా ఉన్న, అదే పదార్థాన్ని తెలిసిన కొలతలో కలిపి, దానితో పోల్చి లెక్కకడతారు. నీ వ్యాసంలో ఈ ముక్కే లేదు. నానోగ్రాము అని రాసినప్పుడు కూడా, గ్రాములో వంద కోట్లవ వంతు అని పక్కనే చెప్పు.

మద్రాస్ ఐఐటీ సంగతిని చివర్లో ఎక్కడో ఇరికించావు. ఇదే కోవలోని ఇంకో పద్ధతిలో శాంపిల్‌ని మొనదేలిన కాగితం మీద వేస్తారు. ఆ మొన నుంచి అయాన్లు రావాలంటే మామూలుగా వేల వోల్టులు కావాలి. 2014లో అక్కడి శాస్త్రవేత్త ప్రదీప్ బృందం, కుక్స్‌తో కలిసి, ఆ కాగితానికి కార్బన్ నానోట్యూబులు, అంటే కంటికి కనిపించనంత సన్నటి కార్బన్ గొట్టాలు, పట్టించి 3 వోల్టులతోనే ఆ పని చేసింది. అంటే రెండు సెల్లుల టార్చిలైటు! ఇలాంటి పోలిక చేతిలో ఉండగా ‘అత్యల్ప విభవం’ అని ఎవరైనా రాస్తారా?

‘క్షణంలో విషం గుట్టురట్టు’ అన్న శీర్షిక కూడా తీసేశాను. కొత్తది నువ్వే ఆలోచించి, ఆదివారం లోపు పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య