ప్లాట్ కొనే ముందు ఒక నెల ఇలా చేసి చూడండి

ఊరి నుంచి తీసుకొచ్చిన అమ్మగారు అపార్ట్‌మెంట్‌లో ఉండలేకపోతున్నారు, శంకర్‌పల్లి వైపు నాలుగు గుంటల ఫామ్ ప్లాట్ కొంటే చెట్టూ చేమా మధ్య ఉంటారు కదా, కొనమంటారా అని మీరు అడిగారు. నేనూ సరిగ్గా ఇదే చేశాను కాబట్టి చెబుతున్నా.

నాన్న పోయాక అమ్మను నల్లగొండ దగ్గర మా ఊరి నుంచి హైదరాబాద్‌కు తీసుకొచ్చాను. ఐదో అంతస్తులో ఇల్లు. పొద్దంతా బాల్కనీలో కుర్చీ వేసుకుని కింద పార్కింగ్‌ను చూస్తూ కూర్చునేది, అన్నం సరిగా తినేది కాదు. నాకు టెన్షన్ పట్టుకుంది, అప్పు చేసి మరీ ప్లాట్ కొన్నాను. చుట్టూ ప్రహరీ, పది మామిడి మొక్కలు, నీళ్ళ ట్యాంకర్‌కు డబ్బులు. రెండేళ్ళలో అమ్మ అక్కడికి వెళ్ళింది ఐదుసార్లు. పోను రాను మూడు గంటలు, వెళ్ళినా అక్కడ పలకరించే మనిషి ఉండదు, ఆమె ఏం చేస్తుంది?

ఆమెను మళ్ళీ మనిషిని చేసింది కేబీఆర్ పార్కు. ఒకరోజు బంజారాహిల్స్‌లో డాక్టర్ దగ్గరికి వెళ్ళి, అపాయింట్‌మెంట్‌కు ఇంకా టైముంటే ఊరికే లోపలికి తీసుకెళ్ళాను. పావుగంట నడిచామో లేదో అమ్మ ఒక పొద దగ్గర ఆగి, ఆకు తుంచి, వేళ్ళతో నలిపి వాసన చూసి, "సీతాఫలం బిడ్డా, గిదంతా మన చెల్క లెక్కనే ఉన్నది" అంది. ఆ తర్వాత నేను చెప్పాల్సింది ఏమీ లేకపోయింది, ఇది ఉత్తరేణి, ఇది బలుసు, దీని ఆకు దెబ్బలకు కట్టేవాళ్ళం అని ఆమే చెబుతూ పోయింది, నేను పదేళ్ళుగా ఆ రోడ్డు మీద కారులో వెళ్తూ పచ్చగా ఉంది అనుకున్నదానికి ఇన్ని పేర్లున్నాయని నాకు ఆరోజే తెలిసింది. బండ మీద కూర్చుంటే పక్కనే ఎక్కడో నెమలి అరిచింది. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి అమ్మ అడిగి మరీ రెండోసారి అన్నం పెట్టించుకుంది.

బతుకమ్మ ముందు ఒక చిన్న గొడవ జరిగింది. తంగేడు విరగబూసి ఉంటే అమ్మ కొంగు పట్టి కోయబోయింది, గార్డు వచ్చి కోయొద్దమ్మా అన్నాడు. ముఖం చిన్నబుచ్చుకుని, మాట్లాడకుండా బయటికొచ్చేసింది. ఇక రాదేమో అనుకున్నాను. మరుసటి వారం ఎవరో అమ్మాయి పువ్వు తెంపబోతే అమ్మే ఆపింది, "అందరిది తల్లీ, అట్లనే ఉండనియ్యి."

నిజానికి అది అందరిదీ కావడమే పెద్ద విషయం. ఒకప్పుడు అది నిజాం మనవడు ముకర్రం జా ఎస్టేట్, ఆయన చిరాన్ ప్యాలెస్ ఇప్పటికీ లోపలే ఉంది. 1998లో నేషనల్ పార్క్ అయింది. వనస్థలిపురం దగ్గర హరిణ వనస్థలి నిజాం వేటకు వెళ్ళిన చోటు, ఇప్పుడు అక్కడ కృష్ణజింకలు తిరుగుతుంటే మా అమ్మలాంటి వాళ్ళు నిలబడి చూస్తున్నారు. ఇవి మనకు దక్కడం మామూలు అదృష్టం కాదు. అందుకే 2025లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో చెట్లు కొట్టొద్దని విద్యార్థులు రోడ్డెక్కినప్పుడు అమ్మ రోజూ టీవీ ముందే ఉంది, చెట్లు కొట్టడం ఆపమని సుప్రీంకోర్టు చెప్పిన రోజు కిందింటి వాళ్ళకు కూడా వెళ్ళి చెప్పొచ్చింది. అలాంటి నేల ఒకసారి పోతే నా ప్లాట్‌లో పది మామిడి మొక్కలు దానికి సాటి వస్తాయా?

ప్లాట్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఒక నెలపాటు అమ్మగారిని వారానికి రెండుసార్లు కేబీఆర్ పార్కుకు తీసుకెళ్ళండి. ఆదివారం వద్దు, జనం ఎక్కువ. తెల్లవారగానే వెళ్తే ఎండ తగలదు. మోకాళ్ళ నొప్పులుంటే మొత్తం చుట్టాలని పట్టుబట్టకండి, నీడ చూసుకుని కూర్చోనివ్వండి, ఫోన్ జేబులో పెట్టేసి ఆమె ఏ చెట్టు దగ్గర ఆగితే అక్కడ మీరూ ఆగండి. చిలుకూరు దారిలో మృగవని నేషనల్ పార్క్ కూడా ఉంది, బాలాజీ దర్శనానికి వెళ్ళిన రోజు అటు కూడా వెళ్ళి రావచ్చు. నా ప్లాట్ అయితే పోయిన ఏడాది అమ్మేశాను, అమ్మ ఒక్కసారి కూడా దాని గురించి అడగలేదు.