టర్బో డీజిల్ లారీకి బ్లో-ఆఫ్ వాల్వ్ పెట్టిస్తే లాభం ఉందా?

పెట్టించకండి. మీ పది టైర్ల లారీకి ఈ వాల్వు బిగిస్తే టర్బో (ఇంజిన్ పొగ ఊపుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలి నెట్టే పంకా) ఎక్కువ కాలం వస్తుందని షాపులో చెప్పారని రాశారు. ఆ మాట పెట్రోల్ బండ్లకు సరిపోతుంది, డీజిల్‌కు సరిపోదు. మాకు రెండు లారీలు, ఒక పికప్ ఉన్నాయి. ఆ పికప్ మీద ఇదే పని చేసి నష్టపోయాం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పెట్రోల్ ఇంజిన్‌లో గాలి వెళ్ళే దారికి ఒక తలుపు ఉంటుంది, దాన్నే థ్రాటిల్ అంటారు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే అది టక్కున మూసుకుంటుంది. టర్బో మాత్రం వెంటనే ఆగదు. చిన్న టర్బోలైతే నిమిషానికి లక్ష చుట్లు కూడా దాటి తిరుగుతాయి. అది నెట్టిన గాలి మూసిన తలుపుకు కొట్టుకుని, తిరిగి కంప్రెసర్ రెక్కల మీదికే వస్తుంది. దీన్నే సర్జ్ అంటారు. ఆ గాలికి పక్కదారి ఇవ్వడానికి పుట్టిందే బ్లో-ఆఫ్ వాల్వ్.

డీజిల్‌లో ఆ తలుపుతో పని లేదు. బండి ఊపును పెంచేదీ తగ్గించేదీ డీజిల్ కొలతే. కాలు తీస్తే ఇంజెక్టర్లు డీజిల్ ఆపేస్తాయి, గాలి మాత్రం సిలిండర్లలోకి పోతూనే ఉంటుంది. సైలెన్సర్ వైపు వెళ్ళే పొగలో వేడి తగ్గుతుంది కాబట్టి టర్బో తనంతట తానే నెమ్మదిస్తుంది. పెట్రోల్ కారులో బ్రేక్ తొక్కడం తేలిక చేసే బూస్టర్‌కు కావలసిన వాక్యూమ్, మూసిన తలుపు వెనక ఇంజిన్ గాలి పీల్చుకునే చోటే దొరుకుతుంది. డీజిల్ జీపుల్లో, పికప్‌లలో దానికోసం విడిగా పంపు పెట్టాల్సి వచ్చింది చూడండి, అది కూడా ఈ తలుపు లేనందువల్లే.

పొగ నిబంధనల ప్రకారం వచ్చిన చాలా బీఎస్-4, బీఎస్-6 డీజిల్ బండ్లలో ఇన్‌టేక్ (గాలి లోపలికి వెళ్ళే చోటు) దగ్గర ఒక ఫ్లాప్ ఉంటుంది. అది బండి ఊపు కోసం కాదు, పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ కోసం, మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్‌లో ఆ మసి కాల్చడం కోసం, ఇంజిన్ ఆపినప్పుడు కుదుపు రాకుండా ఉండడం కోసం. ఎప్పుడు ఎంత మూయాలో ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) చూసుకుంటుంది.

మా పికప్ సంగతికి వస్తాను. 2019లో మా బావమరిది ఆన్‌లైన్‌లో ఒక కిట్ తెప్పించాడు. డీజిల్ మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టంలో) వాల్వును తెరిచే వాక్యూమ్ రాదు కదా, అందుకని ఆ కిట్‌లో పెడల్ దగ్గర బిగించే ఒక స్విచ్, దానికి కరెంటుతో వాల్వు తెరిచే ఒక సోలినాయిడ్ ఇచ్చారు. కాలు తీస్తే వాల్వు తెరుచుకుని బుస్సుమంటుంది. శబ్దం కోసం చేసిన ఏర్పాటు అంతే. గేరు మార్చినప్పుడల్లా పైపుల్లో నిండిన గాలి బయటికి పోతుంది, గేరు పడ్డాక టర్బో మళ్ళీ మొదటినుంచి నింపుకోవాలి. ఖాళీ బండిలో ఇదేమీ తెలియలేదు. మూడు నెలల తర్వాత లోడుతో దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే పుల్లింగ్ పడిపోయింది, వెనక నల్లపొగ. డీజిల్ పంపు పోయిందా, ఇంజెక్టర్లు పోయాయా అని ఆ రోజంతా టెన్షన్.

విజయవాడ ఆటోనగర్‌లో మాకు తెలిసిన మేస్త్రీ ఇంజిన్ మీద చెయ్యి వేయలేదు. ముందు టర్బో పైపుల్లోకి గాలి ఎక్కించి సబ్బునీళ్ళు కొట్టాడు. వాల్వు దగ్గర బుడగలు వచ్చాయి. లోపలి రబ్బరు రింగు వేడికి గట్టిపడి, వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు. టర్బో నెట్టిన గాలి దారిలోనే కారిపోతోంది. గాలి చాలక డీజిల్ సరిగ్గా కాలదు, పొగ వస్తుంది, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది. కారిపోయిన గాలిని పూడ్చడానికి టర్బో ఇంకా వేగంగా తిరగాల్సి వస్తుంది. కిట్ పీకేసి పాత పైపు వేయగానే బండి మామూలైంది. బీఎస్-6 బండి అయితే ఈ లీకేజీని సెన్సర్ పట్టేసి, చెక్ లైటు వెలిగి పవర్ తగ్గించేస్తుంది కూడా.

రోడ్డు మీద లారీల నుంచి వచ్చే బుస్సు శబ్దం టర్బోదని చాలామంది అనుకుంటారు. అది ఎయిర్ బ్రేకులది. ట్యాంకులు నిండగానే ఎయిర్ డ్రయ్యర్ తేమతో పాటు గాలిని బయటికి వదులుతుంది. టర్బో మీదే ఉండే వేస్ట్‌గేట్ సంగతి వేరు. అది పొగ వైపు ఉండి బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) హద్దు దాటకుండా చూస్తుంది, దాన్ని మాత్రం కదపనివ్వకండి.

అమెరికాలో పోటీల కోసం డీజిల్ పికప్‌లకు చాలా పెద్ద టర్బోలు వేసేవాళ్ళకు కాలు తీసినప్పుడు సర్జ్ రావడం ఉంది. అక్కడ కూడా ఇంజిన్‌కు తగిన టర్బో ఎంచుకోవడమే అసలు మందు. లోడు కొట్టుకునే మన లారీకి ఆ అవసరం రాదు.

ఆ డబ్బు పెట్టి ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచే రేడియేటర్ లాంటిది) హోస్ పైపులు, క్లిప్పులు కొత్తవి వేయించండి. ఇంటర్‌కూలర్ మీది దుమ్ము కడిగించండి. ఎయిర్ ఫిల్టర్, ఇంజిన్ ఆయిల్ గడువు దాటనివ్వకండి. ఘాట్ ఎక్కి ఆపేటప్పుడు రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాకే ఇంజిన్ ఆపమని డ్రైవర్‌కు గట్టిగా చెప్పండి. వేడి టర్బోకు ఆయిల్ ఒక్కసారిగా ఆగిపోతే బేరింగుల దగ్గర ఆయిల్ మాడి గట్టిపడుతుంది. మా పెద్ద లారీకి ఇంతవరకు టర్బో మార్చలేదు, దానికి మేము చేసిందల్లా ఇదే. మీ బండి పుల్లింగ్ తగ్గిందని ఈ ఆలోచన వచ్చి ఉంటే ముందు సబ్బునీళ్ళతో పైపులు చూపించి, ఏం తేలిందో ఇక్కడ రాయండి.