పాత మోటార్‌హోమ్ కొనేముందు నిచ్చెన వేసి పైకెక్కండి

వేసవిలో విజయవాడ నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, పదిహేనేళ్ల నాటి మోటార్‌హోమ్ (లోపలే మంచం, వంటగది ఉండే బండి) ఒకటి చవగ్గా దొరుకుతోంది, కొనుక్కుని మనమే బాగుచేసుకోవచ్చా అని అమెరికాకు కొత్తగా వచ్చిన మనవాళ్లు అడుగుతుంటారు. కొనుక్కోవచ్చు. కానీ ఇక్కడ ఆటోనగర్ లేదు. పొద్దున బండి వదిలేసి వస్తే టింకరింగు, వెల్డింగు, వైరింగు పక్కపక్క షెడ్లలో తెమిలిపోయే వీలుండదు. ప్రతి చిన్న పనికీ గంటల లెక్కన కూలీ కట్టాలి. అందుకే సగం పనులైనా మీ చేతికి రావాలి.

చూడ్డానికి వెళ్లినవాళ్లంతా ఇంజను గురించే అడుగుతారు. నిజానికి ఇలాంటి బండ్లను ఎక్కువగా పాడుచేసేది వాన నీళ్లు. మన ఇళ్లలో శ్లాబు కారితే పెచ్చులూడి కనిపిస్తుంది. ఈ బండి గోడలో అలా బయటపడదు. బయట పల్చటి ఫైబర్‌గ్లాసు, లోపల ప్లైవుడ్డు, మధ్యలో థర్మోకోల్ లాంటి పలక ఉంటాయి. లోపలికి దిగిన నీటికి బయటపడే దారి లేక చెక్క చీకిపోతుంది, పైపొర అప్పడంలా ఉబ్బుతుంది. కిటికీల కింద, పై అలమరాల మూలల్లో, మంచం తలాపున అరచేత్తో గట్టిగా నొక్కి చూడండి. మెత్తగా దిగినా, ముక్కిన వాసన కొట్టినా ఎంత చవకైనా ఆ బండి వద్దు.

తర్వాత పైకెక్కండి. చాలా బండ్ల కప్పు మీద ఈపీడీఎం (ఒక రకం రబ్బరు) లేదా టీపీవో (ఒక రకం ప్లాస్టిక్) అనే తెల్ల షీటు ఉంటుంది. షీటు నడిమధ్య కారడం తక్కువ. గాలి గొట్టం, స్కైలైటు, యాంటెన్నా, ఏసీ, ఇలా షీటుకు కన్నం పెట్టిన ప్రతిచోటా అనుమానించాలి. అక్కడ నీళ్లు దిగకుండా పోసిన సీలెంటు (జిగురు లాంటిది) పగిలి, అంచు లేచి ఉంటే ప్లాస్టిక్ గీకుడు బిళ్లతో లేచినంత మేరా తీసేయండి. ఇనుప బిళ్ల వాడితే షీటు తెగుతుంది. గట్టిగా అతుక్కుని ఉన్నదాన్ని కదపనక్కర్లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక, సెల్ఫ్ లెవెలింగ్ లాప్ సీలెంటు (తనంతట తానే సమంగా పరుచుకునే రకం) స్క్రూల తలలు మునిగేలా పోయండి. 14 అంగుళాల వెంటు (కప్పులో గాలి కోసం పెట్టిన కిటికీ) చుట్టూ పోయడానికి దాదాపు ఒక ట్యూబు పడుతుంది. నిలువు గోడలకు మాత్రం జారని రకం విడిగా కొనాలి, లేకపోతే కిందికి కారిపోతుంది. ఈపీడీఎం మీద పెట్రోలు, కిరసనాయిలు లాంటివి వాడారంటే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

దయచేసి కప్పు మీద సిలికాన్ రాయకండి. హార్డ్‌వేర్ షాపులో చవగ్గా ఎదురుగా కనిపిస్తుంది కాబట్టి అందరూ చేసే తప్పే ఇది. ఎండిన సిలికాన్ మీద ఇంకేదీ అంటుకోదు, సిలికాన్ కూడా అంటుకోదు. తర్వాత దాన్ని గీకడానికే రెండు రోజులు పడుతుంది.

ఏసీ చుట్టూ కారుతుంటే సీలెంటు పూసి ఊరుకోకండి. లోపలి మూత విప్పితే నాలుగు బోల్టులు కనిపిస్తాయి. ఏసీ కింద ఉండే గ్యాస్కెట్ (నీళ్లు దిగకుండా పెట్టే మెత్తటి పట్టీ) సగం మందానికి నొక్కుకునేదాకా నాలుగూ సమానంగా, కొంచెం కొంచెం బిగించాలి. బలం కొద్దీ తిప్పితే గ్యాస్కెట్ చితికిపోయి ఇంకా ఎక్కువ కారుతుంది.

కరెంటు దగ్గర మనవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. బండికి బయటి కరెంటు తెచ్చే 30 ఆంపియర్ల ప్లగ్గుకు మూడు పుల్లలుంటాయి. దానికి రావాల్సింది 120 వోల్టులే. ఇంటి దగ్గర కొత్తగా సాకెట్టు పెట్టించుకుంటే, అది బట్టలారబెట్టే డ్రయ్యర్ సాకెట్టు అనుకుని ఎలక్ట్రీషియన్లు 240 ఇచ్చేస్తుంటారు. బండి తగిలించగానే లోపలి సామాను కాలిపోతుంది. ముందు మల్టీమీటరు పెట్టి చూడండి. ఇంకా విమానం ఎక్కనివాళ్లు విజయవాడలోనో గుంటూరులోనో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర నాలుగు రోజులు కూర్చుని మీటరు చూడటం, లగ్గు క్రింపింగు (వైరు కొనకు లోహపు తొడుగు నొక్కి బిగించడం) చేయడం నేర్చుకుని రండి, ఇక్కడ చాలా డబ్బు మిగులుతుంది. అమ్మ ప్రేమగా తెచ్చే 230 వోల్టుల మిక్సీ మాత్రం ఇందులో పనికిరాదు, ఇక్కడి కరెంటుకు సరిపోయేది ఇక్కడే కొనుక్కోండి.

వంట గురించీ ఒక మాట. ఇడ్లీ పాత్ర, కుక్కర్ ఆవిరి అంత చిన్న గదిలో గోడలకు పట్టి, కప్పు కారినంత పనీ చేస్తుంది. గ్యాసు మండినా నీటి ఆవిరే వస్తుంది. ఎగ్జాస్టు ఫ్యాను వేసి, ఒక కిటికీ కొంచెం తెరిచి వండండి. గ్యాసు గొట్టాల అతుకుల మీద సబ్బు నురుగు రాసి బుడగలు చూడాలి, అగ్గిపుల్ల గీసి కాదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం వెనక తయారీ తేదీ ఉంటుంది, గడువు దాటితే మార్చేయండి. గ్యాసు మీద నడిచే ఫ్రిజ్జుంటే బండి సమతలంగా నిలవాలి. బండి వాలుగా నిలిపి ఫ్రిజ్జును గంటల తరబడి నడిపితే కూలింగ్ యూనిట్ గొట్టాలు మూసుకుపోతాయి, పెరుగు సంగతి అటుంచి మొత్తం ఫ్రిజ్జే పోతుంది.

సబర్బన్ కంపెనీ వాటర్ హీటర్‌లో యానోడ్ రాడ్ ఉంటుంది. ఇనుప ట్యాంకు తుప్పు పట్టకుండా అది ముందుగా అరిగిపోతుంది. ఏడాదికోసారి విప్పండి. కరెంటు, గ్యాసు, పంపు ఆపి, నీళ్లు చల్లారాక, రిలీఫ్ వాల్వు మీట ఎత్తి ఒత్తిడి తీశాకే సాకెట్టు రెంచి పెట్టండి. సైజు 1-1/16 అంగుళం. నమిలేసిన చెరకు ముక్కలా బయటికొచ్చి, ముప్పాతిక వంతు అరిగి ఉంటే మార్చాలి. కొత్తదాని మరకు టెఫ్లాన్ టేపు చుట్టండి. ట్యాంకు నిండకుండా ఎలక్ట్రిక్ స్విచ్చి వేశారంటే ఎలిమెంటు క్షణాల్లో మాడిపోతుంది.

చివరికి టైర్లు. గాడి నిండుగా ఉందని మురిసిపోకండి, ఈ బండ్లు తిరిగేదానికంటే నిలబడేదే ఎక్కువ. టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల చివర నాలుగంకెలు చూడండి. 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైందని అర్థం. ఆరేడేళ్లు దాటి, పక్కల బీటలు కనిపిస్తుంటే మార్చాకే అమ్మానాన్నలను ఎక్కించుకోండి.