పసుపు వేయకండి, అక్కా

ప్రశ్న: మా బాబు డబ్లిన్‌లో చదువుకొని వచ్చిండు. అక్కడి పబ్‌లో తిన్న ఐరిష్ స్టూ కావాలంటున్నడు. నేనెట్ల వండినా మన మటన్ పులుసే అయితున్నది.
— ఒక తల్లి, హన్మకొండ

జవాబు: అక్కా, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి ముట్టుకోకండి. అరకిలో గొర్రె మెడ ముక్కలు, అంతే బరువు ఆలుగడ్డలు, మూడు ఉల్లిగడ్డలు, ఉప్పు, మిరియాలు, మునిగేటన్ని నీళ్లు. అంతే. సగం ఆలుగడ్డలు సన్నగా కోసి అడుగున పరవండి. అవి కరిగితేనే రసం చిక్కబడుతది. మిగతావి పెద్ద ముక్కలుగా చివరి అరగంటకు వేయండి. కుక్కర్ మాత్రం వద్దు. నేను మొదటిసారి అందులోనే పెట్టిన, ఆలుగడ్డంతా గుజ్జయింది. సన్న సెగ మీద రెండు గంటలు ఉడకనివ్వండి; మేకమాంసమైతే ఇంకొంచెం. వాసనకు కొందరు వేసే థైమ్ అనే ఆకు హన్మకొండలో దొరక్కపోతే చిటికెడు వాము వేయండి, రెండింట్లోనూ ఆ ఘాటు థైమోల్ అనే ఒకే పదార్థానిదే.